ఉస్తాద్ మారితే ఆట మారుతుందా?

ప్రతి ఆశకూ ఒక ముఖం ఉంటుంది. డెల్టా రైతుకు అది కాలువలకు నీరు వదిలే రోజు. గల్ఫ్‌లో కొడుకున్న తల్లికి అది రాత్రి పూట మోగే ఫోను. ఫుట్‌బాల్ అభిమానికి మాత్రం అది ఎప్పుడూ ఒక్కటే: కొత్తగా వచ్చిన కోచ్. జట్టు ఓడుతూ ఉంటుంది. పాత కోచ్ తప్పుకుంటాడు. కొత్తవాని పేరు ప్రకటిస్తారు. ఆ క్షణం నుంచి నిన్నటి ఓటములన్నీ వెళ్ళిపోయినవాని ఖాతాలోనూ, రేపటి విజయాలన్నీ వచ్చినవాని ఖాతాలోనూ జమ అవుతాయి. మైదానంలో పరుగెత్తే కాళ్ళు అవే అయినా, అభిమాని మనసుకు మాత్రం లోకం కొత్తగా కనిపిస్తుంది.

2025 ఆగస్టు 1వ తేదీన అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య మన పురుషుల జట్టుకు ఖాలిద్ జమీల్‌ను ప్రధాన శిక్షకునిగా ప్రకటించినప్పుడు కోనసీమలోని మా ఇళ్ళలోనూ ఇదే జరిగింది. ఆ పదవికి 170 దరఖాస్తులు వచ్చాయి. చివరి జాబితాలో నిలిచిన ముగ్గురిలో ఇద్దరు విదేశీయులు, ఒక్కరే భారతీయుడు. ఆ ఒక్కరినే ఎంపిక చేశారు. 2012లో సావియో మెదీరా తప్పుకున్న తరువాత ఒక భారతీయునికి ఈ బాధ్యత పూర్తిస్థాయిలో దక్కడం ఇదే మొదటిసారి. పైగా ఆయన పుట్టింది కువైట్‌లో. మా అన్నదమ్ములు, మేనమామలు ఎందరో చెమటోడ్చి సంపాదిస్తున్న దేశమది. అందువల్ల కాబోలు, ఆ కబురు మా ఇంటికి కువైట్ నుంచే ఫోనులో వచ్చింది.

ఆ రోజు నుంచి మా ఆశ ఎన్ని మెట్లు ఎక్కిందో, ఎన్ని మెట్లు దిగిందో పాఠకులతో పంచుకోదలచాము. ఆట మీద ఆసక్తి లేని తల్లిదండ్రులకు కూడా ఇందులో ఆలోచించదగిన విషయం ఉందని మాకు తోచింది.

కొబ్బరి తోటల నడుమ ఫుట్‌బాల్

కోనసీమలో ఫుట్‌బాల్ అభిమానులమని చెబితే వినేవారు ముందు నవ్వుతారు. గౌతమికీ వసిష్ఠకూ నడుమనున్న ఈ నేలలో ఖాళీ జాగా దొరకడమే అరుదు. కాస్త చదునుగా కనిపించినదల్లా చేనో, చెరువో, తోటో అవుతుంది. మిగిలిన జాగాలో పిల్లలు క్రికెట్, వాలీబాల్, కబడ్డీ ఆడతారు. అమలాపురం పేరు చెబితే ఆటల లోకం బ్యాడ్మింటన్‌ను తలచుకుంటుందే తప్ప ఫుట్‌బాల్‌ను కాదు.

అయినా అమలాపురం, రాజోలు, కొత్తపేట చుట్టుపక్కల మన ముస్లిం కుటుంబాలలోకి ఈ ఆట వేరొక దారిలో వచ్చింది. అది విమానమెక్కి వచ్చింది. కువైట్‌కో, దోహాకో, రియాద్‌కో వెళ్ళిన అన్నలు సెలవు మీద ఇంటికి వచ్చినప్పుడు ఖర్జూరాలు, అత్తరు సీసాలు, జానమాజులతో పాటు పిల్లలకు ఫుట్‌బాల్ చొక్కాలు తెచ్చారు. అక్కడి క్యాంపు గదులలో పలుదేశాల పనివారితో కలిసి చూచిన ఆటను ఇక్కడికి మోసుకొచ్చారు. 2022లో ఖతర్‌లో ప్రపంచ కప్ జరిగినప్పుడు మొరాకో జట్టు సెమీఫైనల్ వరకు వెళ్ళడాన్ని మా ఇళ్ళలో ఆడవారు సైతం కన్నార్పకుండా చూశారు. ఆ చలికాలం తరువాతనే మా పిల్లలు కొబ్బరి మట్టలు పాతి గోల్ స్తంభాలుగా చేసుకోవడం మొదలుపెట్టారు.

కొత్త కోచ్ మీద ఆశ పెట్టుకోవడం మాకు ఇది మొదటిసారి కాదు. 2022 మార్చి 20న గోవాలోని ఫతోర్డా మైదానంలో హైదరాబాద్ ఎఫ్‌సీ జట్టు కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీలలో ఓడించి ఐఎస్ఎల్ విజేతగా నిలిచింది. తెలుగు నేల పేరు పెట్టుకున్న జట్టు అది. దానిని నడిపించినవాడు స్పెయిన్ దేశస్థుడు మనోలో మార్కెజ్. రెండేళ్ళ తరువాత, 2024 జూలైలో ఆయనకే భారత జట్టు బాధ్యత అప్పగించినప్పుడు మనవాడే వచ్చినంత సంబరపడ్డాము. ఓర్పుగా బంతిని తిప్పుతూ, కుర్రవారిని నమ్మి ఆడించే ఆయన పద్ధతి దేశపు జట్టును మారుస్తుందనుకున్నాము. ఏడాది గడిచింది. ఎనిమిది మ్యాచ్‌లలో గెలిచింది ఒక్కటే. 2025 జూన్ 10న హాంకాంగ్ చేతిలో 0–1తో ఓడిన తరువాత ఆయన పదవి వదులుకున్నారు. ఆ జూలైలో ప్రపంచ పట్టికలో మన స్థానం 133కు దిగజారింది. ఇక హైదరాబాద్ ఎఫ్‌సీ ఆర్థిక ఇబ్బందులలో చిక్కి, 2025లో చేతులు మారి ఢిల్లీకి తరలిపోయింది. కప్పు గెలిచిన మూడేళ్ళకే జట్టూ లేదు, ఆ కోచ్ మీద పెట్టుకున్న ఆశా లేదు.

గెలిచిన రాత్రి, సాగిన వాదన

ఖాలిద్ జమీల్ తొలి మ్యాచ్ 2025 ఆగస్టు 29, శుక్రవారం నాడు తజికిస్తాన్‌లోని హిసోర్ పట్టణంలో జరిగింది. మధ్య ఆసియా దేశాల కాఫా నేషన్స్ కప్‌లో ఆతిథ్య జట్టే ప్రత్యర్థి. ఇషా నమాజు ముగించుకొని ఒక్క ఫోను చుట్టూ అందరమూ చేరాము. జట్టు కలిసి సాధన చేసినది కొద్ది రోజులే. పెద్ద క్లబ్బు ఒకటి తన ఆటగాళ్ళను శిబిరానికి పంపనేలేదు. అటువంటి జట్టు పదిహేను నిమిషాలు గడవకముందే రెండు గోల్స్ చేసింది. మొదటిది అన్వర్ అలీ, రెండవది సందేశ్ ఝింగన్ చేశారు. ఇద్దరూ రక్షణ వరుసలోనివారే. మైదానం అంచు నుంచి ఉవైస్ చేతులతో విసిరిన బారు బంతి తొలి గోల్‌కు దారితీసింది. రెండవ సగంలో గుర్‌ప్రీత్ సింగ్ సంధూ ఒక పెనాల్టీని ఆపాడు. 2–1తో గెలిచాము. తరువాత ఇరాన్ చేతిలో 0–3తో ఓడినా, అఫ్గానిస్తాన్‌తో గోల్ లేకుండా సమంగా ముగిసినా, సెప్టెంబరు 8న పట్టికలో మనకంటే ఎంతో పైనున్న ఒమన్‌ను పెనాల్టీలలో ఓడించి మూడవ స్థానం దక్కించుకున్నాము.

ఆ పది రోజులూ మా ఇంటిలో సాగిన వాదన గెలుపోటముల గురించి కాదు, ఆట తీరు గురించి. స్పెయిన్ క్లబ్బుల ఆట చూస్తూ పెరిగిన మా తమ్ముళ్ళకు బంతి ఎప్పుడూ మనవారి కాళ్ళ దగ్గరే ఉండాలి. పది పాస్‌లు, ఇరవై పాస్‌లు అల్లుకుంటూ పోయి గోల్ ముందు తేలాలి. కువైట్‌లోని అన్నకు ఆ వేడుక పట్టదు. “ముందు గోల్ పడకుండా తలుపు వేసుకోవాలిరా. అవతలివాడు అలసి తప్పు చేసినప్పుడు ఒక్క పరుగులో పనికానివ్వాలి. మనకున్న బలానికి అదే తగిన ఆట,” అని ఆయన మాట. ఒకటి లాకుల గుండా మెట్టుమెట్టుగా దిగే కాలువ నీరు. రెండవది అదను చూచి గట్టు తెంచుకునే వరద నీరు. ఖాలిద్ జమీల్ ఆట రెండవ రకానిది. బిగువైన రక్షణ, దూరపు పాస్‌లు, కార్నర్ల నుంచీ విసిరిన బంతుల నుంచీ గోల్స్ రాబట్టడం – ఆయన ఏ జట్టును చేపట్టినా కనిపించే గుర్తులివే.

ఆ పద్ధతి ఎక్కడ పుట్టిందో చూస్తే దానిని చులకన చేయబుద్ధి కాదు. ఆటగాడిగా గాయాల పాలై త్వరగా తప్పుకున్న ఖాలిద్, 2009 నుంచి ముంబయి ఎఫ్‌సీ అనే చిన్న క్లబ్బుకు ఏళ్ళ తరబడి శిక్షణనిచ్చారు. డబ్బు తక్కువ, పేరున్న ఆటగాళ్ళు లేరు. ఏటా కింది తరగతికి పడిపోకుండా నిలబడడమే అక్కడ విజయం. తరువాత మిజోరం కొండలలోని ఐజ్వాల్ ఎఫ్‌సీకి వెళ్ళారు. అంతకు ముందు ఏడాది ఆ జట్టు కింది తరగతికి పడిపోయి, సమాఖ్య నిర్ణయం వల్ల మాత్రమే పై తరగతిలో మిగిలింది. అటువంటి జట్టు 2016–17లో మోహన్ బగాన్ వంటి మహామహులను వెనుకకు నెట్టి ఐ-లీగ్ గెలుచుకుంది. ఈశాన్య భారతం నుంచి దేశపు లీగ్ గెలిచిన తొలి జట్టు అదే. ఉన్నవారితోనే, ఉన్నంతలోనే పని సాధించే నేర్పు ఆయనది. నెలాఖరున ఇంట్లో ఉన్న సరుకులతోనే పదిమందికి వండిపెట్టే తల్లులకు ఈ నేర్పు విలువ ప్రత్యేకించి చెప్పనక్కరలేదు.

దిగిన మెట్లు

అక్టోబరు 9న సింగపూర్‌లో ఆసియా కప్ అర్హత మ్యాచ్. రెండవ సగం మొదట్లోనే ఝింగన్‌ను రిఫరీ బయటకు పంపివేయడంతో మనవారు పదిమందే మిగిలారు. 90వ నిమిషంలో రహీమ్ అలీ గోల్ చేసి 1–1తో సమం చేసినప్పుడు మా వీధి అరుగులు అదిరాయి. అయిదు రోజుల తరువాత, అక్టోబరు 14న, అదే సింగపూర్‌తో ఫతోర్డాలో ఆడాము. మూడేళ్ళ కిందట హైదరాబాద్ కప్పు ఎత్తిన మైదానమది. ఛాంగ్తే 14వ నిమిషంలోనే గోల్ చేశాడు. మన ఆనందం సగం వరకు కూడా నిలువలేదు. సాంగ్ ఉయ్-యంగ్ 44వ నిమిషంలో ఒకటి, 58వ నిమిషంలో మరొకటి చేశాడు. 1–2తో ఓడిపోయాము. 2027 ఆసియా కప్ తలుపు మూసుకుపోయింది. నవంబరు 18న ఢాకాలో బంగ్లాదేశ్ చేతిలో కూడా 0–1తో ఓడాము. ఆ జట్టు మనలను ఓడించడం 22 ఏళ్ళలో అదే మొదటిసారి.

ఆ ఆసియా కప్ జరిగేది సౌదీ అరేబియాలో. రియాద్, జిద్దా, అల్ ఖోబర్ నగరాలలో. అల్ ఖోబర్‌లో పనిచేసే మా బావగారు ఎన్నో నెలల ముందుగానే లెక్క వేసుకున్నారు. ఏ వారం సెలవు పెట్టాలి, గదిలోని మిత్రులలో ఎవరెవరు వస్తారు, జెండా ఎక్కడ కొనాలి అన్నీ. పన్నెండేళ్ళుగా ఆ దేశంలో ఉంటున్న మనిషి. అక్కడి ఎండలో తన దేశపు జట్టును ఒక్కసారి కళ్ళారా చూడాలన్నది ఆయన కోరిక. ఫతోర్డా మ్యాచ్ ముగిసిన రాత్రి ఫోను చేసి, “ఖాలిద్ కూడా అంతేనా?” అని అడిగారు. ఆ ప్రశ్నలో కోపం లేదు. అందువల్లనే దానికి వెంటనే జవాబు చెప్పలేకపోయాము. ఆ జవాబు కోసమే ఇంత దూరం ఆలోచించవలసి వచ్చింది.

ఒక్క మనిషి చేయగలిగినదెంత?

కోచ్ చేతిలో ఏముంటుంది? శిబిరంలో పది, పదిహేను రోజులు. అంతలో ఆయన వరుసలు సర్దగలడు, ఎవరు ఎక్కడ నిలవాలో చెప్పగలడు, భయం పోగొట్టగలడు. కానీ బంతిని తొలి స్పర్శతోనే అదుపులోకి తెచ్చుకునే నేర్పు పదేళ్ళ వయసులో రావాలి. గోల్ ముందు తడబడని గుండె లీగ్ మ్యాచ్‌లలో ఆడి ఆడి గట్టిపడాలి. మన క్లబ్బులు ఎక్కువగా ముందు వరుసలో విదేశీ ఆటగాళ్ళనే నమ్ముకుంటాయి. అందువల్లనే 2024 జూన్‌లో వీడ్కోలు పలికిన సునీల్ ఛేత్రీ 40 ఏళ్ళ వయసులో 2025 మార్చిలో మళ్ళీ చొక్కా తొడుక్కోవలసి వచ్చింది. పైగా ఆ ఏడాది సెప్టెంబరులో మొదలు కావలసిన ఐఎస్ఎల్, ఒప్పందాల చిక్కుల వల్ల సమయానికి మొదలే కాలేదు. ఆటలే లేని ఆటగాళ్ళను తీసుకొని ఖాలిద్ సింగపూర్ వెళ్ళారు. కాలువకు నీరు వదలకుండా నారుమడి ఎండిపోయిందని పాలేరును నిందించినట్లుంటుంది, ఇదంతా ఆయన ఒక్కరి తప్పు అంటే.

అయితే కోచ్‌కు బాధ్యత లేదా? ఉంది. ఫతోర్డాలో ముందంజ వేసిన తరువాత బంతిని నిలుపుకోలేకపోవడం ఆట తీరులోని లోటే. తలుపు వేసుకొని కూర్చోవడం మాత్రమే తెలిస్తే ఇల్లు కదలదు. మా తమ్ముళ్ళు ఈ మాట అన్నప్పుడు అన్న కూడా కాదనలేదు. రక్షణతో మొదలుపెట్టిన ఖాలిద్ క్రమంగా బంతిని ఓపికగా ఆడించడం కూడా నేర్పాలని ఇప్పుడు మేమందరమూ కోరుకుంటున్నాము. కానీ దానికి కాలం కావాలి. ఎంత కాలం? ఇక్కడ మనకు రహీమ్ సాహెబ్ జ్ఞాపకం రాక తప్పదు.

రహీమ్ సాహెబ్ నేర్పిన లెక్క

1909 ఆగస్టు 17న హైదరాబాదులో పుట్టిన సయ్యద్ అబ్దుల్ రహీమ్ వృత్తి రీత్యా బడిపంతులు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదివి, నగరంలోని పాఠశాలలలో పాఠాలు చెప్పారు. 1943 నుంచి కన్నుమూసే వరకు హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శిగా ఉన్నారు. ఆయన తీర్చిదిద్దిన హైదరాబాద్ సిటీ పోలీసు జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా అయిదుసార్లు బొంబాయి రోవర్స్ కప్ గెలిచింది. 1951లో ఢిల్లీలో జరిగిన తొలి ఆసియా క్రీడలలో ఇరాన్‌ను 1–0తో ఓడించి భారత్ స్వర్ణం గెలిచినప్పుడు కోచ్ ఆయనే.

ఇంతవరకూ అందరికీ తెలిసినదే. ఆయన జీవితాన్ని తెరకెక్కించిన ‘మైదాన్’ చిత్రం 2024లో వచ్చిన తరువాత మన పిల్లలకు కూడా ఆ పేరు పరిచయమయింది. మనం తరచూ మరచిపోయేది మరుసటి ఏడాది సంగతి. 1952లో హెల్సింకీ ఒలింపిక్స్‌లో రహీమ్ సాహెబ్ జట్టు యుగోస్లావియా చేతిలో 10–1తో ఓడింది. పది గోల్స్! మనవారిలో చాలామంది బూట్లు లేకుండా ఆడారు. నేడు అటువంటి ఓటమి ఎదురైతే ఆ కోచ్ పేరు తెల్లవారేసరికి చెరిపివేస్తారు. అదృష్టవశాత్తు ఆ ఓటమితో ఆయన కథ ముగిసిపోలేదు. నాలుగేళ్ళ తరువాత, 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌కు ఆయనే జట్టును తీసుకువెళ్ళారు. నెవిల్ డిసౌజా మూడు గోల్స్‌తో ఆస్ట్రేలియాను 4–2తో ఓడించి సెమీఫైనల్ చేరాము. ఒలింపిక్స్‌లో ఆ మెట్టు ఎక్కిన తొలి ఆసియా జట్టు మనదే. సెమీఫైనల్‌లో ఎదురైనది మళ్ళీ యుగోస్లావియానే. ముందుగా గోల్ చేసింది మనమే. చివరకు 1–4తో ఓడినా, 10–1 నుంచి అంత దూరం రావడానికి పట్టిన కాలం నాలుగేళ్ళు.

ఆ నాలుగేళ్ళలోనూ, అంతకు ముందూ ఆయన చేసిన పని మైదానంలో కేకలు వేయడం కాదు. హైదరాబాదులో పిల్లలకూ యువకులకూ వింత పోటీలు పెట్టేవారు. ఒక పోటీలో బంతిని కాళ్ళ దగ్గర అట్టిపెట్టుకొని ఎదుటివానిని తప్పించుకుపోవడం నిషేధం. వచ్చిన బంతిని వచ్చినట్టే సహచరునికి అందించాలి. ఇంకొక పోటీలో బలహీనమైన కాలితోనే ఆడాలి. అలా ఎదిగిన హైదరాబాదు నుంచే అజీజుద్దీన్, నూర్ మొహమ్మద్, జుల్ఫికారుద్దీన్, తులసీదాస్ బలరామ్ వంటివారు మెల్‌బోర్న్ చేరారు. మనం నేడు రహీమ్ శైలి అని గొప్పగా చెప్పుకునే ఆ వేగపు పాస్‌ల ఆట బడిపిల్లల పోటీలలో పుట్టింది. ప్రపంచం పాత వరుసలను వదలి 4–2–4 వైపు జరుగుతున్న కాలంలో మనవారు కూడా ఆ కొత్త వరుసలో ఇమడగలిగారంటే, వెనుక అంత సాధన ఉండబట్టే.

1962లో జకార్తా ఆసియా క్రీడలకు వెళ్ళేనాటికి రహీమ్ సాహెబ్‌ను కాన్సర్ తినివేస్తోంది. తొలి మ్యాచ్‌లో దక్షిణ కొరియా చేతిలో 0–2తో ఓడాము. రక్షణ వరుసలోని జర్నైల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడ్డాయి. అంతటివానిని బయట కూర్చోబెట్టకుండా కోచ్ ముందు వరుసకు పంపారు. జర్నైల్ సెమీఫైనల్‌లోనూ గోల్ చేశాడు, ఫైనల్‌లోనూ చేశాడు. సెప్టెంబరు 4న అదే దక్షిణ కొరియాను 2–1తో ఓడించి స్వర్ణం తెచ్చారు. మరొక గోల్ పి.కె. బెనర్జీది. 1963 జూన్ 11న, 53 ఏళ్ళ వయసులో రహీమ్ సాహెబ్ కన్నుమూశారు. ఆనాటి నుంచి నేటి వరకు ఆసియా క్రీడల ఫుట్‌బాల్ స్వర్ణం మనకు మళ్ళీ దక్కలేదు. 1970లో బ్యాంకాక్‌లో హైదరాబాదు బిడ్డ సయ్యద్ నయీముద్దీన్ నాయకత్వంలో కాంస్యం వచ్చింది, అంతే. అరవై ఏళ్ళుగా మనం చెట్టు పేరు చెప్పుకొని కాయలమ్ముకుంటున్నాము. చెట్టును మళ్ళీ నాటినవారు మాత్రం లేరు.

మొరాకో సంగతి కూడా ఇంతే. 2022 ఆగస్టు చివరలో ఆ జట్టుకు కోచ్‌గా వచ్చిన వలీద్ రెగ్రాగీ మూడు నెలలు కాకముందే ప్రపంచ కప్‌కు వెళ్ళారు. బెల్జియం, స్పెయిన్, పోర్చుగల్‌లను ఓడించారు. కొత్త కోచ్ మహిమ అని లోకమంతా అంది. ఆయన ఘనత నిజమే. అయితే ఆ జట్టులోని ఎన్-నెసీరీ, ఉనాహీ, అగ్వెర్డ్ వంటివారు ఆ దేశంలో దశాబ్దానికి పైగా ముందే ఏర్పాటైన మొహమ్మద్ VI అకాడమీలో చిన్ననాటి నుంచి పెరిగినవారు. మూడు నెలలలో కాయ కోశారు. చెట్టు వయసు మాత్రం పన్నెండేళ్ళు.

పేరుకు పద్దు వద్దు

ఇంకొక మాట నిక్కచ్చిగా చెప్పుకోవాలి. ఖాలిద్ జమీల్ అన్న పేరు విన్నప్పుడు మన ఇళ్ళలో కలిగిన సంతోషంలో, ఆయన మనవాడు అన్న భావన కూడా కొంత ఉంది. అది సహజం. ఎవరికైనా తమలో ఒకరు పైకి వస్తే గర్వంగానే ఉంటుంది. కానీ ఆ గర్వం ఆయన భుజాల మీద అదనపు మూట కాకూడదు. ఆయన గెలిస్తే మనందరి పరువు నిలిచినట్టూ, ఓడితే మన పరువు పోయినట్టూ భావించడం ఆయనకూ న్యాయం కాదు, మన పిల్లలకూ మంచిది కాదు. మా ఇంటిలో ఎనిమిదో తరగతి చదివే కుర్రవాడు బంగ్లాదేశ్ మ్యాచ్ మరునాడు బడికి వెళ్ళడానికి వెనుకాడాడు. తరగతిలో ఎవరో ఏదో అంటారని వాని భయం. ఎవరూ ఏమీ అనలేదు. అయినా ఆ భయం మా మనసులను పట్టి కుదిపింది.

వానికి మేము చెప్పినది ఇదే. మనోలో ఓడినప్పుడు స్పెయిన్ దేశాన్ని ఎవరూ నిందించలేదు. ఖాలిద్‌ను కూడా కోచ్‌గానే కొలవాలి. పేరు చూచి మార్కులు కలుపవద్దు, పేరు చూచి మార్కులు కోయవద్దు. తూకంలో సమంగా ఉండడం మన ధర్మం నేర్పిన మొదటి మర్యాదలలో ఒకటి. రహీమ్ సాహెబ్ జకార్తా జట్టులో చునీ గోస్వామి నాయకుడు, పీటర్ తంగరాజ్ గోల్‌కీపర్, జర్నైల్ సింగ్ వెన్నెముక, హైదరాబాదు యూసుఫ్ ఖాన్ సహచరుడు. వారందరినీ ఒక్కటి చేసినది ఆట పట్ల ఆ ఉస్తాద్‌కున్న నిజాయితీయే.

మన అంగణంలో చేయవలసినది

అమలాపురం బిడ్డ సాత్విక్‌సాయిరాజ్ రంకిరెడ్డి తండ్రి వ్యాయామ ఉపాధ్యాయుడు. మా వైపు మాటలో డ్రిల్లు మాస్టారు. కొబ్బరి తోటల నడుమ పుట్టిన కుర్రవాడు బ్యాడ్మింటన్ డబుల్స్‌లో ప్రపంచంలోనే మొదటి స్థానానికి చేరాడు. చిరాగ్ శెట్టితో అతనిని జత కలిపినది మలేషియా కోచ్ తాన్ కిమ్ హెర్. 2023లో ఆసియా క్రీడల స్వర్ణం వచ్చేసరికి ఆ జతకు దాదాపు ఏడేళ్ళు. అంతకు ముందు ఇంటిలో తండ్రి వేసిన పునాది ఉంది. కోచ్ చేసేది పై అంతస్తు. పునాది వేయవలసినది ఇల్లు, బడి, ఊరు.

ఫుట్‌బాల్‌కు మా ఊరిలో ఆ పునాది లేదు. బడి మైదానంలో వర్షాకాలమంతా నీరు నిలుస్తుంది. ఎండాకాలంలో సభలకూ వాహనాలు నిలుపుకోవడానికీ ఇస్తారు. అయినా అసర్‌కూ మగ్రిబ్‌కూ నడుమ ఒక గంట దొరుకుతుంది. ఆ గంట కోసం మేము కొందరం తల్లిదండ్రులం కలిసి డ్రిల్లు మాస్టారిని అడిగాము. ఆయన సంతోషంగా ఒప్పుకున్నారు. అన్న పంపిన డబ్బుతో నాలుగు బంతులు వచ్చాయి. రహీమ్ సాహెబ్ పెట్టిన పోటీలనే మొదలుపెట్టాము. వారంలో ఒకరోజు బలహీనమైన కాలితోనే ఆడాలి. మరొకరోజు వచ్చిన బంతిని వెంటనే మరొకరికి అందించాలి. పిల్లలు మొదట విసుక్కున్నారు. ఇప్పుడు వారే గుర్తుచేస్తున్నారు.

చదువు పాడవుతుందని భయపడే తల్లులకు ఒక మనవి. మన దేశానికి ఇంతటి ఆట నేర్పినవాడు బడిపంతులే. ఆటకూ చదువుకూ పోరు లేదు. వేళాపాళా ఉంటే రెండూ ఒకే ఇంట్లో ఇమిడిపోతాయి. ఆడపిల్లల సంగతి కూడా తలచుకోవాలి. 2025 జూలై 5న మన మహిళల జట్టు థాయిలాండ్‌ను 2–1తో ఓడించి, అర్హత పోటీలలో నెగ్గి ఆసియా కప్‌కు తొలిసారి చేరింది. అప్పటి వారి కోచ్ క్రిస్పిన్ ఛెత్రీ కూడా భారతీయుడే. నిజామాబాద్ జిల్లా బిడ్డ గుగులోత్ సౌమ్య ఆ ఏడాది దేశపు ఉత్తమ క్రీడాకారిణి అయింది. వారి మీద ఎవరూ పెద్ద ఆశలు ప్రకటించలేదు. పని మాత్రం జరిగింది.

బావగారు అల్ ఖోబర్ నుంచి అడిగిన ప్రశ్నకు ఇప్పుడు మా జవాబు ఇది. ఖాలిద్ ఎంతటివారో ఇంకా తేలలేదు బావా. నాలుగు నెలలలో తేలేది కాదు. రహీమ్ సాహెబ్‌కు హెల్సింకీ తరువాత దొరికిన నాలుగేళ్ళు ఈయనకూ దొరకాలి. ఆ నాలుగేళ్ళలో ఆయన శిబిరానికి వచ్చే కుర్రవారు మరింత మెరుగ్గా రావాలి. ఆ రెండవ పని ఆయనది కాదు, మనది. తవక్కుల్ అంటే చేతులు ముడుచుకొని కూర్చోవడం కాదని మన పెద్దలు చెబుతూనే ఉంటారు. కొబ్బరి మొక్క నాటిన ప్రతి రైతుకూ ఈ సంగతి తెలుసు. కాపు ఆరేడేళ్ళకు గాని రాదు. నీరు మాత్రం ఈ రోజే పోయాలి.

రేపు సాయంత్రం అసర్ తరువాత మైదానంలో ఎడమకాలి పోటీ ఉంది. ఎనిమిదో తరగతి కుర్రవాడే ఒక జట్టుకు నాయకుడు. వర్షం రాకపోతే, ఇన్షా అల్లాహ్, ఆట సమయానికే మొదలవుతుంది.